పాయింటు గ్యాపులో సిగరెట్టు కాగితం

జూలై రెండో ఆదివారం పొద్దున నెక్లెస్ రోడ్డు వైపు నడకకి వెళ్తే, జావా, యెజ్డీ పాత మోటారుసైకిళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఏటా ఆ రోజున జావా-యెజ్డీ డే అని వాటి ఓనర్లు ఊరూరా ఒకచోట చేరతారు. కాసేపు ఫొటోలు దిగి, అందరూ ఒకేసారి కిక్కు కొట్టారు. నీలంగా పొగ లేచింది. పక్కన నడుస్తున్న పెద్దాయన ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకుని తిట్టుకుంటూ పోయాడు. నేను మాత్రం వెళ్ళి ఆ పొగలోనే నిలబడ్డాను. పెట్రోల్లో కలిపే టూటీ ఆయిలు కాలిన వాసన. మా ఇంట్లో ఆదివారం వాసన అదే. కోడికూర వాసన కూడా వచ్చేది గానీ, పొగ తర్వాతే.

మా నాన్న నరసరావుపేట దగ్గర పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. ఊళ్ళల్లో అందరూ డాక్టరు గారనే పిలిచేవాళ్ళు. కాదని చెప్పి చెప్పి విసిగి, చివరికి చెప్పడం మానేశాడు. ఆయనకో యెజ్డీ రోడ్‌కింగ్, దాని క్యారేజీకి గోనె సంచి చుట్టి కట్టిన ద్రవ నైట్రోజన్ క్యాను. ఆ క్యానులో మైనస్ 196 డిగ్రీల చలిలో, సన్నటి గొట్టాల్లో ముర్రా దున్నల వీర్యం ఉండేది. గేదె ఎదకొచ్చిందని కబురు వస్తే వెళ్ళి సూది వెయ్యాలి (కృత్రిమ గర్భధారణకి ఊళ్ళో మాట అదే). ఆ అదను తప్పితే మళ్ళీ ఎదకి రావడానికి మూడు వారాలు. రైతుకి అన్నాళ్ళ పాలు వెనక్కి పోయినట్టే లెక్క. రొంపిచర్ల రోడ్డులోనో, నకరికల్లు దాటాకో బండి ఆగిపోతే మెకానిక్ వచ్చేదాకా కూర్చునే వీల్లేదు. కబురు పంపడానికి ఫోనూ లేదు. అందుకని నేర్చుకున్నాడు బండి పని. సరదాకి కాదు. ఇప్పుడు మన బండి మనమే సర్వీసు చేసుకోవడం గురించి వీడియోలు చూస్తుంటే, అదేదో హాబీ అన్నట్టు మాట్లాడుతుంటే, నాకు కొంచెం నవ్వొస్తుంది.

*

ఆదివారం పొద్దున ఇడ్లీ తినగానే వేపచెట్టు కింద గోనె పట్టా పరిచేవాడు. డాల్డా డబ్బాలో కిరసనాయిలు, పాత బనీను గుడ్డలు, ఎమరీ కాగితం ముక్క, ఇత్తడి తీగల బ్రష్షు, రేకు పెట్టెలో స్పానర్లు. పది-పదకొండు, పన్నెండు-పదమూడు, పద్నాలుగు-పదిహేను. నా పని స్పానర్లు అందించడం. తమ్ముడు పక్కనే ఉన్నా పిలిచేవాడు కాదు. వాడికి ఓపిక లేదని నాన్న అభిప్రాయం. నట్టు చూసి ఎంత నంబరో చెప్పడం నాకు ఎక్కాలకంటే ముందొచ్చింది.

మొదట ప్లగ్గు. మైకో ప్లగ్గు విప్పగానే నా చేతికి ఇచ్చేవాడు. "ఏం రంగు?" అనేవాడు. కాఫీ రంగులో పొడిగా ఉంటే ఇంజను బాగున్నట్టు. నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిలు ఎక్కువ పడింది. తెల్లగా ఉంటే మాత్రం నాన్న మాట్లాడేవాడు కాదు. గాలి ఎక్కువై ఇంజను వేడెక్కుతోందని అర్థం. పెట్రోలూ గాలీ కలిపే కార్బరేటర్ చుట్టూ ఒకటికి రెండుసార్లు వేలితో తడిమి, ప్యాకింగు దగ్గర ఎక్కడైనా గాలి లాగుతోందేమో చూసేవాడు.

తర్వాత పాయింట్లు. ఇంజను పక్క కవరు తీస్తే లోపల చిన్న పాయింట్లు కనపడేవి, ఒకదానికొకటి తగిలి విడివడే రెండు లోహపు బిళ్ళలు. అవి తెరుచుకున్నప్పుడల్లా ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ. పాయింట్ల మీద గుంటలు పడితే సన్నాకురాయితో రుద్ది, గ్యాపు చూడాలి. మిల్లీమీటరులో నాలుగు పదో వంతులు. ఆ సందు కొలిచే రేకులు, ఫీలర్ గేజీ, మెకానిక్ భాయ్ దగ్గర ఉండేవి, మా దగ్గర లేవు. నాన్న సిగరెట్టు తాగడు. అయినా ఆయన చొక్కా జేబులో సిగరెట్టు పెట్టె లోపలి కాగితం ఎప్పుడూ ఉండేది. దాన్ని పాయింట్ల మధ్య పెట్టి, ఇంజనుని చేత్తో మెల్లగా తిప్పుతూ కాగితాన్ని చిన్నగా లాగుతుండాలి. పాయింట్లు విడివడే క్షణంలో కాగితం జారి చేతిలోకి వస్తుంది. ఆ క్షణానికి పిస్టన్ పై కొసకి సుమారు మూడు మిల్లీమీటర్లు కింద ఉండాలి. ఆ లెక్క కోసం ప్లగ్గు బొక్కలోంచి సైకిలు పుల్ల దింపేవాళ్ళు, దాని మీద గాటు పెట్టి ఉండేది. పుల్ల నేను పట్టుకునేదాన్ని, కాగితం నాన్న లాగేవాడు. మా ఇద్దరి మధ్యా ఆ కాసేపు మాటలుండేవి కావు.

నెలకోసారి సైలెన్సర్లు. యెజ్డీకి ఒకటే సిలిండరు, గొట్టాలు మాత్రం రెండు. లోపలి జల్లెడ గొట్టాల్లో కార్బన్ పేరుకుంటే బండి ఎక్కడం మానేస్తుంది, ఎంత యాక్సిలేటర్ ఇచ్చినా మూలుగుతుంది. ఆ గొట్టాలు పీకి, పెరట్లో పత్తికట్టె మంట వేసి అందులో పడేసేవాడు. ఆయిలు మసి కాలుతుంటే ఊపిరాడేది కాదు. అమ్మ ఆరేసిన చీరలు తీసుకుని లోపలికి పరిగెత్తేది. "ఆ భాయ్‌కి పది రూపాయలు పడేస్తే చేసిపెడతాడుగా" అని వంటింట్లోంచి కేకేసేది. నాన్న వినపడనట్టు ఉండేవాడు. ఎర్రగా కాలిన గొట్టాలు చల్లారాక కర్రతో కొడితే కార్బన్ పెచ్చులు పెచ్చులుగా రాలేది. అన్నీ బిగించి, గేరు రాడ్డుని లోపలికి నొక్కి పైకి తిప్పి (యెజ్డీకి గేరూ కిక్కూ ఒకే రాడ్డు, తెలియనివాళ్ళు బండి చుట్టూ తిరిగి కిక్కు రాడ్డు ఎక్కడా అని వెతికేవాళ్ళు) ఒక్క తన్ను తన్నేవాడు. శుభ్రం చేసిన సైలెన్సరు శబ్దం వేరు. వీధి చివర కిళ్ళీ కొట్టాయనకి కూడా తెలిసేది ఆ రోజు మా ఇంట్లో ఏం జరిగిందో.

*

పెట్రోలు సంగతి వేరే చెప్పాలి. ఆ బండికి ఇంజను ఆయిలు విడిగా ఉండదు. పెట్రోల్లోనే టూటీ ఆయిలు కలిపి పొయ్యాలి. అది పెట్రోలుతో పాటు లోపలికి వెళ్ళి, పిస్టన్‌ని తడుపుతూ కాలిపోతుంది. ఆ పొగ దానిదే. లీటరుకి నలభై నుంచి యాభై మిల్లీలీటర్లు. బంకుల్లో పీపా మీద చేతి పంపు ఉండేది. కుర్రాడు హ్యాండిల్ తిప్పి ఆయిలు లాగి, రేకు గరాటాలోంచి పోసేవాడు. నాన్న నమ్మేవాడు కాదు. ఆస్పత్రిలో దూడలకి మందు పట్టే కొలతగ్లాసు ఒకటి బ్యాగులో పెట్టుకుని, తన డబ్బాలోంచి తనే కొలిచి పోసి, బండిని అటూ ఇటూ ఊపేవాడు. వెనక క్యూలో ఉన్నవాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు.

ఇంటికి రాగానే పెట్రోలు కాకు, అంటే ట్యాంకు కింది కుళాయి, కట్టెయ్యాలి. మర్చిపోతే రాత్రికి రాత్రి కార్బరేటర్ నిండి ఇంజనులోకి దిగి, పొద్దున కిక్కు రాయిలా బిగుసుకునేది. బయటికి వెళ్ళేటప్పుడు అమ్మ గ్యాస్ కట్టారా అని అడిగేది. వచ్చాక నాన్న కాకు కట్టానా అని నన్నడిగేవాడు.

*

ఇంత చెప్పాక మా నాన్న మెకానిక్ గడప తొక్కలేదని అనుకుంటారేమో. వారానికి రెండు సాయంత్రాలు అక్కడే ఉండేవాడు.

సత్తెనపల్లి రోడ్డులో తాటాకు షెడ్డు, పైన పాత టైర్లు. ముందు నేలంతా ఆయిలు ఇంకి నల్లగా, గట్టిగా, వానొచ్చినా బురద కానంతగా ఉండేది. భాయ్ అసలు పేరు నాకు చాలా ఏళ్ళు తెలియదు. ఊరందరికీ భాయే. గళ్ళ లుంగీ, చెవిలో పెన్సిలు. బండి వచ్చి ఆగేలోపే తల ఎత్తకుండా చెప్పేసేవాడు: "చైను వదులు. వెనక బ్రేకు పట్టేస్తోంది." ఇంజను లోపలి శబ్దం వినాలంటే పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవి కింద ఎముకకి పెట్టుకునేవాడు. కళ్ళు మూసుకుని, మొన ఒక్కో చోటికి జరుపుతూ, బేరింగా, పిస్టనా, చైనా అని పోల్చుకునేవాడు. నాకూ ఒకసారి పెట్టి చూపించాడు. గుండెల్లో కొట్టినట్టు వినపడి భయపడి తీసేశాను. పిల్లలందరూ నవ్వారు.

నాన్న చేసిన పని భాయ్‌కి కవరు చూడగానే తెలిసేది. "ఈ స్క్రూ తల ఎవరు తిన్నారు డాక్టరు గారూ?" అనేవాడు. "నీ కుర్రాడే బిగించాడు పోయినసారి" అనేవాడు నాన్న. "మా వాళ్ళ స్క్రూడ్రైవర్ వెడల్పు ఇది. ఆ గీత మీ సన్నదానిది." అలా కాసేపు నడిచేది. అయితే నాన్న నేర్చుకున్నదంతా అక్కడ నిలబడి చూసి నేర్చుకున్నదే. భాయ్ ఎప్పుడూ దాచలేదు. మీరే చేసుకుంటే నా గిరాకీ పోతుందని అనుకోలేదు. ఒక్క హద్దు మాత్రం గీశాడు. "సూది మీరు వేస్తారు. దూడ అడ్డం తిరిగితే మీ పెద్ద డాక్టర్ని పిలుస్తారు కదా? ప్లగ్గు, పాయింట్లు, చైను మీవి. క్రాంకు కేసు లోపల నాది." నాన్న ఆ మాట చచ్చినా దాటలేదు. దాటినవాళ్ళు ఊళ్ళో ఉండేవాళ్ళు. గోనె సంచిలో విడి భాగాలు వేసుకుని, మొహం చిన్నబుచ్చుకుని షెడ్డుకి వచ్చేవాళ్ళు. భాయ్ ఏమీ అనకుండా పళ్ళెం తెప్పించి ఒక్కోటీ కిరసనాయిల్లో కడిగించేవాడు. ఆ కడిగే మౌనమే వాళ్ళకి పెద్ద శిక్ష.

ఆ కడిగే పని చేసేది పదేళ్ళ పిల్లలు. ఈ మాట రాయకుండా భాయ్ షెడ్డు గురించి అందంగా రాసేస్తే అబద్ధం చెప్పినట్టు అవుతుంది. ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఉండేవాళ్ళు. ఏడాదంతా సామాను కడగడం, టీ తేవడం. జీతమంటూ లేదు, మధ్యాహ్నం భోజనం, పండక్కి బట్టలు. వాళ్ళ వేళ్ళ మధ్య కిరసనాయిలుకి పుళ్ళు పడేవి. నేను స్కూలు బ్యాగుతో నాన్న పక్కన నిలబడి ఉంటే, నా ఈడు పిల్లాడు నావైపు చూసి తల దించుకునేవాడు. 2016 చట్ట సవరణ తర్వాత పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు, బడి వేళలు అయ్యాక సొంత కుటుంబానికి సాయం, సినిమా, టీవీల్లో నటన లాంటివి తప్ప. ఆ చట్టం మా ఊరికి ఇంకా ముందొచ్చి ఉంటే బాగుండేది. చిన్నప్పటి నుంచీ నేర్చుకుంటేనే పని వస్తుందని ఇప్పటికీ కొందరు అంటారు. ఆ పుళ్ళు చూడనివాళ్ళు.

*

ఎండాకాలం సెలవుల్లో ఒకసారి ఈపూరు వైపు నాన్నతో వెళ్ళాను. క్యాను వెనక, నేను ముందు ట్యాంకు మీద. పొద్దున కబురొచ్చిన కంగారులో నాన్న బంకులో తన గ్లాసు తియ్యలేదు. ఆయిలు కలిపావా అంటే కలిపానన్నాడు కుర్రాడు. ఊరు దాటి కొంత దూరం వెళ్ళాక ఇంజను చప్పుడు సన్నబడింది. గంట మోగినట్టు ఒక ఇనుప చప్పుడు, అంతే. వెనక చక్రం పట్టేసి బండి రోడ్డు మీద ఈడ్చుకుపోయింది. నాన్న చెయ్యి అప్పటికే క్లచ్చు మీద ఉంది. యెజ్డీ నడిపేవాళ్ళకి ఆ అలవాటు ఉండేది. ఎడమ చేతి రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్చు మీదే. బండి తూలి నిలబడింది. పడలేదు.

చుట్టూ ఎర్రమట్టి, దూరంగా ఒకే ఒక్క చింతచెట్టు. అక్కడిదాకా తోశాం. నాన్న ముందు క్యాను చూశాడు, మూత సరిగ్గా ఉందా లేదా. తర్వాత నా మోకాళ్ళు చూశాడు. ఆ వరస గురించి అమ్మకి ఎప్పుడూ చెప్పలేదు నేను. ప్లగ్గు విప్పి, తన డబ్బాలోంచి ఆయిలు ఆ బొక్కలో కొంచెం పోసి, చెట్టుకి ఆనుకుని కూర్చున్నాడు. వేడెక్కి ఉబ్బిన పిస్టన్ బోరుకి (అది పైకీ కిందికీ కదిలే సిలిండరుకి) పట్టేస్తుందని, చల్లారితే మళ్ళీ సన్నబడి వదులుతుందని చెప్పాడు. కంగారు పడి కిక్కు కొడితే కనెక్టింగ్ రాడ్డు పోతుందట. ఎంతసేపు కూర్చున్నామో గానీ, నా నీళ్ళ సీసా ఖాళీ అయింది. తర్వాత కిక్కు రాడ్డుని కాలితో కాకుండా చేత్తో నొక్కి చూశాడు. కదిలింది. ట్యాంకులో ఆయిలు కలిపి, ప్లగ్గు తుడిచి బిగించి, సైకిలు వేగంతో వెళ్ళాం. గేదెకి సూది పడింది. రైతు మజ్జిగ ఇచ్చాడు. ఆ గేదె చూడి కట్టిందని తర్వాత కబురొచ్చింది. నాన్న ఆ సంగతి బండి సంగతి కంటే ఎక్కువసార్లు చెప్పుకున్నాడు.

అటునుంచి అటే భాయ్ దగ్గరికి. మర్నాడు బోరు దించారు. పిస్టన్ మీద నిలువుగా గీతలు, ఒక రింగు గాడిలో అతుక్కుపోయింది. వేలితో బోరు లోపల తడిమి, "రీబోరే" అన్నాడు భాయ్, అంటే బోరుని లోపల చెక్కి కొంచెం పెద్దది చెయ్యాలి. మా ఊళ్ళో ఇనుము చెక్కే లేతు మిషను ఉంది. అయినా ఆయన ఒప్పుకోలేదు. విజయవాడ ఆటోనగర్ పొమ్మన్నాడు.

బోరుని గుడ్డ సంచిలో వేసుకుని బస్సులో వెళ్ళాం. కండక్టరు అదేంటని అడిగితే నాన్న "పేషెంటు" అన్నాడు. ఆటోనగర్ చూడటం నాకదే మొదలు. లారీ బాడీలకి రంగులేస్తున్నవాళ్ళు, వెల్డింగు మెరుపులు, ఎటు చూసినా ఇనుప రజను. లేతు షాపాయన ముందు పిస్టన్ చూపించమన్నాడు. కొత్త పిస్టన్ కొన్నాకే బోరు కొట్టాలి. పాతిక సైజు, యాభై సైజు అని ఉంటాయి, అంటే మామూలు కంటే పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు పెద్దవి. మా దానికి పాతిక చాలదని యాభై తెచ్చారు. మొత్తం అయ్యాక రింగులు లేకుండా పిస్టన్‌ని బోరు నోట్లో పెట్టి వదిలాడు. ఎక్కడా ఆగకుండా, అలాగని జారి పడకుండా, దాని బరువుకి అది నిదానంగా దిగింది. ఆయన నాన్న మొహంలోకి చూశాడు. నాన్న తల ఊపాడు. రసీదు లేదు, గ్యారంటీ కార్డు లేదు. ఆ తల ఊపుడే.

ఇంజను తిరిగి ఎక్కించే రోజు నాన్న సెలవు పెట్టాడు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా భాయ్ పక్కన నిలబడ్డాడు. ఒక్క స్పానరు ముట్టుకోలేదు. పిస్టన్‌ని రాడ్డుకి కలిపే గడ్జన్ పిన్ను ఎటు నుంచి ఎక్కించాడో, దాని సర్కిల్ క్లిప్పు కూర్చుందో లేదో ఎలా చూశాడో, ప్యాకింగుకి గ్రీజు ఎంత రాశాడో అన్నీ చూశాడు. భాయ్ కూడా చేసే ప్రతి పనీ ఒక క్షణం ఆపి, చూపించి, అప్పుడు బిగించాడు. ఆ తర్వాత వెయ్యి కిలోమీటర్ల దాకా నలభై దాటకుండా నడిపాడు నాన్న. ఎడ్లబండ్లు తప్ప అన్నీ మమ్మల్ని దాటిపోయాయి.

*

హీరో హోండాలు వచ్చాయి. సీడీ 100 వచ్చింది 1985లో గానీ మా వీధిదాకా రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్ అని ప్రకటన. పెట్రోలు పొయ్యి, మూత పెట్టు, మర్చిపో. నాన్నకి ఆ మూడో మాట నచ్చలేదు. కానీ యెజ్డీ లీటరుకి ముప్పై ఇస్తే గొప్ప, ఇది దానికి రెండింతలకి పైన ఇస్తుంది. పొగ లేదు, పొద్దున్నే ఒక్క తన్నుకి లేస్తుంది. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడ్డాక యెజ్డీ సామాను కోసం గుంటూరు, విజయవాడ, ఒక్కోసారి హైదరాబాద్ పుత్లీబౌలీ దాకా వెతకాల్సి వచ్చేది. చివరికి నాన్న అమ్మేశాడు. కొనుక్కున్నాయనకి సైకిలు పుల్ల కూడా ఇచ్చి పంపాడు. ఆ పుల్ల ఏంటో అతనికి తెలుసో లేదో.

కొత్త బండికి ఆదివారం చెయ్యడానికి పని లేదు. ఆయిలు మార్చడం, చైను చూడటం, కొన్నాళ్ళకోసారి ట్యాపెట్లు, అంటే ఇంజను వాల్వుల సందు, చూడటం. నాన్న గోనె పట్టా పరుచుకుని కూర్చుని, అద్దాలు తుడిచి, లేచేవాడు. భాయ్ కూడా ఇబ్బంది పడ్డాడు. పాత బండ్లు తగ్గాయి. కొత్తవి మూడు ఫ్రీ సర్వీసులని షోరూముకే పోయేవి. ట్యాపెట్ గ్యాపు చూడటం మాత్రం భాయ్ త్వరగానే పట్టేశాడు. నాన్నకి చూపించాడు, నాన్న నాకు చూపించాడు.

*

నా బండి బీఎస్-6 బండి, పొగ తగ్గించే కొత్త ప్రమాణాలది. 2020 ఏప్రిల్ నుంచి అమ్మేవన్నీ అవే. కార్బరేటర్ లేదు, ఇంజెక్టరు. పాయింట్లు లేవు, చిన్న కంప్యూటరు. బ్రేకు వేస్తే చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ ఉంది. ఇందులో చాలా భాగం నా చేతికి అందేది కాదని ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు. సెన్సరు తప్పు చూపిస్తే స్కానరు కావాలి. క్రాంకు కేసు లోపల నాది అని భాయ్ గీసిన గీత ఇప్పుడు ఇంకా ఇవతలికి జరిగింది, అంతే. నేను చేసుకునేవి: చైను కడిగి లూబ్ కొట్టడం, ఆయిలు, ఫిల్టరు, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు, బ్రేకు ప్యాడ్లు ఎంత ఉన్నాయో చూసుకోవడం. తీసిన ఆయిలు డ్రెయినేజీలో పొయ్యను. క్యానులో పట్టి, పాత ఆయిలు కొనే షాపుకి ఇస్తాను. భాయ్ అయితే షెడ్డు వెనక కాలవలో పోయించేవాడు. సుత్తి, ఉలి పెట్టి నట్లు కొట్టేవాడు కూడా. నట్టు ఎంత బిగిసిందో కొలిచే టార్క్ రెంచి ఆయన చూసి ఎరగడు. పాతదంతా బంగారం అని నేననను.

మా అపార్ట్‌మెంటు పార్కింగులో బండి విప్పితే అసోసియేషన్ వాళ్ళకి కోపం, నేల మీద మరక పడుతుందని. కింద అట్టలు పరిచి చేస్తాను. వాచ్‌మన్ వచ్చి కూర్చుని, "మీ ఆయనకి చెప్పచ్చుగా మేడం" అంటాడు. మా ఆయనకి పంచరు షాపు ఎక్కడుందో కూడా తెలియదు.

పెద్ద పనికి సర్వీస్ సెంటరే. పేరెందుకు గానీ, ఏసీ గది, కాఫీ మిషను, పెద్ద అద్దం. అద్దం అవతల బండ్లు. మొదటిసారి నేను తలుపు తీసుకుని లోపలికి వెళ్ళబోతే, యూనిఫాం వేసుకున్న అబ్బాయి, "మేడం, కస్టమర్స్ నాట్ అలౌడ్, సేఫ్టీ" అన్నాడు. పని చేసిన మనిషిని నేను చూడనేలేదు. సాయంత్రం బిల్లు వచ్చింది. అందులో ఏదో కోటింగు, ఏదో అడిటివ్, కన్‌స్యూమబుల్స్ అని ఒక లైను. బండి మెరుస్తోంది, చైను మాత్రం ఎండిపోయి ఉంది. అడిగితే వేరే అబ్బాయి వచ్చి, చేసేశాం మేడం అన్నాడు. వేలు పెట్టి చూపించాను. అప్పుడు చేశారు.

వాళ్ళు దొంగలని కాదు. వాళ్ళ దగ్గర మంచి పనివాళ్ళు ఉన్నారు, ఒరిజినల్ సామాను ఉంది, ఏ నట్టు ఎంత బిగించాలో పుస్తకం ఉంది. కానీ మనం చేసుకోవడమా, మెకానిక్‌కి ఇవ్వడమా అని ఎవరైనా వాదించుకుంటుంటే నాకు ఆ అద్దమే గుర్తొస్తుంది. మా ఇంట్లో అది వాదనే కాదు. నాన్న చేసింది భాయ్ దగ్గర నేర్చుకునే. భాయ్ దగ్గరికి వెళ్ళింది ఏం చేస్తున్నాడో తెలిసే. ఆయనకి చూపించాలి కాబట్టి భాయ్ ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాడు. చూస్తే తెలిసే మనిషి పక్కన నిలబడ్డాడు కాబట్టి కనీసం పాత పిస్టన్ చేతికొచ్చింది. ఇప్పుడు నేను జాబ్ కార్డు మీద ముందే రాయిస్తాను, మార్చిన పాత పార్టులన్నీ నాకివ్వాలని. ఇస్తున్నారు, కొంచెం విసుక్కుంటూ.

*

భాయ్ పోయి కొన్నేళ్ళయింది. తాటాకు షెడ్డు చోట కొడుకు రేకుల షాపు వేశాడు. మల్టీ బ్రాండ్ అని బోర్డు. అరచేయంత స్కానరు కొన్నాడు. ఒకసారి నా బండి చూపిస్తున్న తప్పు కోడు గురించి ఫోను చేస్తే, అదేంటో ఫోనులోనే చెప్పి, ఎక్కడ కనెక్టరు లూజై ఉంటుందో చెప్పాడు. నేనే నొక్కి పెట్టుకున్నాను. డబ్బులు పంపుతానంటే, "మీ దగ్గరా అక్కా" అన్నాడు.

నాన్నకి ఇప్పుడు కిక్కు కొట్టే ఓపిక లేదని తమ్ముడు ఎలక్ట్రిక్ స్కూటరు కొనిచ్చాడు. ఆదివారం వస్తే ఆయన బనీను గుడ్డ తీసుకుని దాని దగ్గరికి వెళ్తాడు. సీటు ఎత్తుతాడు. టైర్ల గాలి చూస్తాడు. ఎంత సాగదీసినా పది నిమిషాల్లో అయిపోతుంది. ఇక భాయ్ కొడుకు షాపుకి నడుచుకుంటూ పోతాడు.

మొన్న ఫోను చేస్తే మంచి కోపం మీద ఉన్నాడు. రాత్రి చార్జింగులో ఉండగా బండికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిందట. పొద్దున చూస్తే డిస్‌ప్లే మారిపోయింది. షాపుకెళ్ళి, "నన్నడక్కుండా నా బండి మీద చెయ్యి వేసిందెవడ్రా" అని ఆ అబ్బాయిని నిలదీశాడు.

"ఎవరూ ముట్టుకోలేదు డాక్టరు గారూ. కంపెనీ వాళ్ళు ఆఫీసులో కూర్చుని చేస్తారు" అన్నాడట.

"ఆ ఆఫీసెక్కడో కనుక్కో అమ్మాయీ" అన్నాడు నాన్న నాతో. "ఈసారి చేసేటప్పుడు వెళ్ళి పక్కన నిలబడతాను."

వెనకనుంచి అమ్మ, "ముందు ఆ సీటు మూసి రండి, వాన పడుతోంది" అంటోంది.